పోటు చూసి కొట్టిన బడిగంట

మా ఊరి బడి హాజరు పట్టీ నా చేతికి వచ్చిన రోజున దాంట్లో నలభై నాలుగు పేర్లున్నాయి. ఇరవై తొమ్మిది మంది మగపిల్లలు, పదిహేను మంది ఆడపిల్లలు. ఆ పదిహేను మందిలో మూడో తరగతి చదివే మా అమ్మాయి ఒకతె. రోజూ బడికి వచ్చేవాళ్ళు మాత్రం సగటున పందొమ్మిది మంది. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఎన్నో అంకెలు మరిచిపోయాను కానీ ఈ అంకెలు మాత్రం మరపున పడవు.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. రెండో తరగతిలో ఉండగానే మా నాయన నా నెత్తిన గంప పెట్టాడు. కృష్ణపట్నానికి దగ్గర్లోని ఉప్పు కొఠారులో మోతగాడిగా చేరి, ముప్పై ఏళ్ళు దాటాక కొలతల మేస్త్రీనయ్యాను. మడుల్లో తీసిన ఉప్పును గంపలకెత్తి కుప్పకు మోస్తారు. అయిదు గంపలు దాటగానే నేను కుండలో ఒక ఈనెపుల్ల వేస్తాను. సాయంత్రం పుల్లలు లెక్కపెడితే ఆ రోజు ఉప్పు ఎంతో తేలుతుంది. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. ఒకసారి పన్నెండు పందొమ్మిదులు ఎంతో తెలియక ఇసుకలో చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను. పన్నెండు ఇరవైలు వేసి అందులోంచి ఒక పన్నెండు తీసేస్తే చాలునని తట్టింది. ఆ రోజు అన్నం తినటం కూడా మరిచిపోయాను.

కొత్తగా నయాపైసలు వచ్చిన కాలం అది. కొఠారులో మణుగులు పోయి కిలోలు వస్తాయని చెప్పుకునేవాళ్ళు. బడి మా కొఠారుకూ పట్టపుపాళేనికీ నడుమ ఉండేది. ఇటు ఉప్పు పని చేసేవాళ్ళ పిల్లలు, అటు చేపలు పట్టే పట్టపువాళ్ళ పిల్లలు అందులో చదివేవాళ్ళు. ఒక పెంకుల కొట్టం, రెండు నల్లబల్లలు, గంట బదులు వేలాడే ఒక రైలు పట్టా ముక్క. పెద్దయ్యవారు ఎనిమిదేళ్ళుగా అయిదు తరగతులకూ ఒక్కరే చెప్పుకుంటూ వచ్చారు. ఆ జూనులోనే నెల్లూరు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. క్రైస్తవుల అమ్మాయి, ట్రైనింగు అయిన కొత్త. చెప్పులు చేతబట్టుకుని బురదలో నడిచొచ్చిన ఆవిడను చూసి, నెల తిరక్కుండా వెళ్ళిపోతుందని మావాళ్ళు అనుకున్నారు.

దసరా సెలవులకు ముందు ఇన్‌స్పెక్టరు గారు పడవ దిగారు. ఆ రోజు బడిలో పదకొండు మంది ఉన్నారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. లాగ్‌బుక్కులో నాలుగు వాక్యాలు రాసి వెళ్ళిపోయారు. సెలవుల తర్వాత నుంచి ఏడాది చివరి దాకా సగటు హాజరు ముప్పై ఉండాలి. లేకపోతే వచ్చే జూను నుంచి ఈ బడి ఉండదు. పిల్లలను ఏటి అవతలి బడిలో కలిపేస్తారు.

ఈ సంగతి ఇంట్లో చెప్పాను. నా భార్య చేపలు తోముతూ తలెత్తలేదు.

"కలిపేది వాళ్ళు, దాటించేది ఎవురు? తొమ్మిదేళ్ళ ఆడబిడ్డను దినామూ పడవెక్కిచ్చి పంపిస్తానా నేను? చదివింది చాల్లే."

"మూడో తరగతే గదా మే చదివింది."

"నువ్వు రెండు చదివినావు. దానికి నీకన్నా ఒకటి ఎక్కువే."

 మా అమ్మాయి గడప మీద కూర్చుని అంతా వింది. పలక మీద ఏదో రాస్తున్నదల్లా ఆపేసింది.  

మర్నాడు పెద్దయ్యవారే నా దగ్గరకు వచ్చారు. చంకలో హాజరు పట్టీ.

"మేస్త్రీ, అడ్డంగా కూడితే ఒకటొస్తాంది, నిలువుగా కూడితే ఇంకోటొస్తాంది. నువ్వొకసారి చూసిపెట్టు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇంకో దారి కూడా ఉండాది. సెలవులయినాక దినానికి పదిమందికి ఊరికినే గీతలు పెడితే సరిపోతది. కూడేది నువ్వు, సంతకం పెట్టేది నేను. అడిగేదెవురు?"

"మొయ్యని గంపకు నేనెప్పుడూ పుల్ల వెయ్యలేదయ్యవారూ."

ఆయన పట్టీ నా చేతిలో పెట్టి, "నేనూ ఇన్నేళ్ళలో వెయ్యలేదులే. బడి పోతాదని భయమేసి అన్నా" అన్నారు. ఆయన మంచివాడు. ఎనిమిదేళ్ళ ఒంటరి చాకిరీ ఆయన చేత ఆ మాట అనిపించింది.

కూడికలు ఒక్క పూటలో సరిచేశాను. కానీ పట్టీ తిరిగివ్వలేదు. రోజువారీ హాజరు వరసగా ఒక కాగితం మీద దించి చూస్తే అది ఒక తీరుగా లేదు. ముప్పై, ముప్పై రెండు, ఇరవై ఎనిమిది, ఉన్నట్టుండి తొమ్మిది, ఏడు, పది, మళ్ళీ ముప్పై. బడికి రాని పిల్లలు సోమరిపోతులయితే ఏ రోజూ రాకూడదు కదా. కొన్నాళ్ళు బుద్ధిగా వచ్చి, కొన్నాళ్ళు మూకుమ్మడిగా మానేయటం సోమరితనం కాదు. ఏదో పని.

నాకు సంత గుర్తొచ్చింది. వారానికొకసారి సంత, పిల్లలు తల్లుల వెంట పోతున్నారని నిశ్చయించుకుని పెద్దయ్యవారితో చెప్పేశాను. ఆయన పట్టీ తెరిచి సంత రోజులు వేలితో చూపించారు. నాలుగు సంతల్లో రెండింటికి ముప్పై మందికి పైగా ఉన్నారు.

"నీ లెక్క ఉప్పుకు పనికొస్తాది గానీ పిలకాయలకు పనికిరాదు మేస్త్రీ" అన్నారు. పక్కనున్న టీచరమ్మ నవ్వు ఆపుకుంది. నాకు సిగ్గేసింది. కానీ పట్టీని మాత్రం వదలబుద్ధి కాలేదు.

దసరా సెలవుల్లో ఒక పగటిపూట కొఠారు గట్టు మీద ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. తూము దగ్గరి మనిషి కేకేసి అడిగాడు, "మేస్త్రీ, మళ్ళీ నీళ్ళు ఎప్పుడు పెట్టేది?" నేను కాగితం మీద నుంచి తల తిప్పకుండానే చెప్పాను, "త్రయోదశి నించి." అన్నాక నా మాట నాకే వినబడింది.

మా పని అంతా పోటు మీద నడిచేది. సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎగదన్నేదాన్ని పోటు అంటాం, వెనక్కి తీసేదాన్ని పాటు అంటాం. పున్నమికీ అమావాస్యకీ త్రయోదశి నుంచి తదియ దాకా ఆరేసి రోజులు పెద్ద పోటు. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు నీళ్ళు గట్టు దాకా వస్తాయి. మడులకు నీళ్ళు పెట్టుకునేది అప్పుడే. ఎంత ఎక్కువ వస్తాయో మధ్యాహ్నానికి అంత వెనక్కి తీస్తాయి. మామూలు రోజుల్లో కనపడని బురద దిబ్బలు మైలు పొడవున తేలుతాయి. ఆ దిబ్బల మీద గుల్లలు దొరుకుతాయి. సున్నం బట్టీలకు గుల్లలు కావాలి. గుల్లలు ఏరటానికి పిల్లల చిన్న పాదాలయితే బురదలో దిగబడవు.

హాజరు పట్టీలో ఉండేవి ఇంగ్లీషు తేదీలు. తిథులు వాటిలో ఒదగవు. ఈ నెల పదో తేదీన వచ్చిన పున్నమి పై నెల పదికి రాదు. అందుకే ఎవరికీ కనబడలేదు. పంచాంగం అడిగి తెచ్చి జూను నుంచి ప్రతి రోజు పక్కనా తిథి రాసుకున్నాను. తర్వాత తేదీల వరస వదిలేసి, పాడ్యమిలన్నీ ఒకచోట, విదియలన్నీ ఒకచోట చేర్చాను. అష్టమి చుట్టూ అన్నీ ముప్పైలు. పున్నమి, అమావాస్యల చుట్టూ అన్నీ పదికి అటూ ఇటూ. ఒక్కటి కూడా తప్పలేదు. ఇరవై ఏళ్ళుగా పోటు చూసి బతుకుతున్నవాణ్ణి, నాకే ఇది ఇంత ఆలస్యంగా తట్టిందా అని నవ్వొచ్చింది.

పెద్దయ్యవారు ఈసారి నవ్వలేదు. టీచరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివి, "పదండి, పాళెంలో అడుగుదాం" అంది. పాళెంలో ఇద్దరు మనమలనూ ఒక మనమరాలినీ పెంచుతున్న ఒక ముసలామె ఉంది. ఆమె మాట అక్కడ చెల్లుతుంది. వల బాగుచేసుకుంటూ మా మాటలు వింది.

"గుల్లలకు పంపక ఏం చేసేది? మీ బడి పగలంతా, మా దిబ్బ తేలేది కూడా మధ్యాన్నమే. పలక నాకితే కడుపు నిండుద్దా?"

"పిల్లలు చదువుకుంటే మంచిది కదమ్మా" అంది టీచరమ్మ.

"నేనొద్దన్నానా తల్లీ? పోటు పొద్దున పిలకాయలు ఊరికినే గదా ఉండేది. నీళ్ళు తీసేదాకా గట్టు మీద గోలీలాడుకుంటుండారు. నీళ్ళను మనం జరపలేం. బడిని జరపొచ్చు గదా."

 ఆ మాట మేం అనవలసింది, ఆమె అంది.

బడివేళలు మార్చటానికి పెద్దయ్యవారికి ధైర్యం చాలలేదు. "పైనోళ్ళు అడిగితే ఏం చెప్పేది? బడి పదినించి నాలుగు దాకా. మధ్యాన్నం అన్నానికి గంట పోను అయిదు గంటల చదువు తగ్గగూడదు" అన్నారు. అప్పుడు నాకు నచ్చిన పని నాకు దొరికింది. పెద్ద పోటు రోజుల్లో ఏడింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు వదిలితే నాలుగున్నర గంటలు. రోజుకు అరగంట తగ్గుతుంది. ఆరు రోజులకు మూడు గంటలు. పక్షంలో అష్టమికి ఇటూ అటూ ఆరు రోజులు సాయంత్రం అరగంట ఎక్కువ కూర్చోబెడితే ఆ మూడు గంటలూ వచ్చేస్తాయి. కాగితం మీద వేసి చూపించాను. ఒక్క నిమిషం కూడా పోలేదు. ఆయన దాన్ని లాగ్‌బుక్కులో అంటించి, కింద సంతకం పెట్టి, పైకి ఒక ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. రాకపోతే వద్దన్నట్టు కాదని టీచరమ్మ తేల్చింది.

దసరా తర్వాత వచ్చిన మొదటి పెద్ద పోటు రోజున ఏడింటికి గంట కొట్టారు. వచ్చింది ఇరవై నాలుగు మంది. మర్నాడు ఇరవై ఏడు. ముసలామె ఆ ముగ్గురినీ చెయ్యి పట్టుకుని తెచ్చి వదిలి, "పదకొండున్నర అంటే పదకొండున్నరే. నీళ్ళు మీకోసం నిలబడవు" అని చెప్పి పోయింది.

రావటం వేరు, నిలబడటం వేరు. అంతకుముందు పిల్లలు ఎక్కాలను పాటలాగా పాడేవాళ్ళు. పన్నెండో ఎక్కం గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్లవాడు, ఒక్కో బుట్టకు పన్నెండు పీతలయితే ఏడు బుట్టలకు ఎన్నిరా అంటే తెల్లమొహం వేసేవాడు. టీచరమ్మ కొత్త వేళలు పెట్టిన మొదటి వారంలోనే పిల్లలను గోడకు ఆనుకుని కూర్చోవద్దంది. నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి నడుమ ఒక గంప గుల్లలు పోసింది. "దీంట్లో ఎన్ని ఉంటాయి?" అని అడిగింది. ఒకడు వంద అన్నాడు, ఒకడు లక్ష అన్నాడు. లక్ష అన్నవాణ్ణి అందరూ వెక్కిరించారు.

కొబ్బరి చిప్పతో కొలిచారు. చిప్పకు ఇరవై నాలుగు పట్టాయి. గంపకు నలభై చిప్పలు పట్టాయి. నాలుగో తరగతి వాళ్ళు పలకల మీద కట్టి తొమ్మిదివందల అరవై అన్నారు. లక్ష అన్న పిల్లవాడు నమ్మలేదు.

"ఒక చిప్ప కొలిచి గంపంతా ఎట్ట చెప్తారు? నేను నమ్మను టీచరమ్మా."

"అయితే లెక్కపెట్టు."

"నేనొక్కణ్ణేనా?"

బడంతా కూర్చుని లెక్కపెట్టింది. ఒకటో తరగతి వాళ్ళు పదేసి కుప్పలు పెట్టారు, రెండో తరగతి వాళ్ళు పది కుప్పలను కలిపి వందలు చేశారు. తొమ్మిదివందల డెబ్బై ఒకటి తేలింది. పదకొండు తేడా. ఆ రోజు నేను ఏదో పని మీద వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయాను. ఇసుకలో చుక్కలు పెట్టుకున్న రోజు గుర్తొచ్చింది. నాకు ఒక్కడికే జరిగిందది. ఇక్కడ ముప్పై మందికి ఒకేసారి జరుగుతున్నది.

ఆ తర్వాత శనివారం శనివారం నన్ను పిలిచేవాళ్ళు. నోటిలెక్కలు నేను చెప్పేవాణ్ణి. నేను చెప్పిన దారి కాకుండా వేరే దారిలో జవాబు తెచ్చినవాళ్ళను ముందుకు పిలిచి అది అందరికీ చెప్పించేవాణ్ణి. పెద్దయ్యవారు కూడా వెనక కూర్చుని వినేవారు. ఒకరోజు ఆయనే లేచి, "అయితే పన్నెండు తొంభై తొమ్మిదులు ఇట్టనే వెయ్యొచ్చు గదా" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన బెత్తం ఎప్పుడు మూలకు పోయిందో ఎవరూ చూడలేదు.

బడి బయటి గోడకు సున్నం కొట్టి దాని మీద రోజువారీ లెక్క రాయటం మొదలుపెట్టారు. తిథి, నీళ్ళు తీసే వేళ, ఆ రోజు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. హాజరు పలికేది అయ్యవారు కాదు, పిల్లలే. రోజుకొకరు లేచి అందరినీ లెక్కపెట్టి అంకె గట్టిగా చెప్పాలి. మిగతావాళ్ళు అవునో కాదో చెప్పాలి. గోడ మీద రాసేది మా అమ్మాయి. దాని అక్షరం గుండ్రంగా ఉంటుందని టీచరమ్మ దానికిచ్చింది.

కార్తీకంలో తుఫాను పట్టింది. బడి పెంకులు సగం ఎగిరిపోయాయి. ఆరు రోజులు బడి లేదు. ఏడోనాడు అయ్యవారు పోయి చూసేసరికి పాళెంవాళ్ళు నలుగురు కొట్టం ఎక్కి పెంకులు పరుస్తున్నారు. ఎవరూ అడగలేదు వాళ్ళను. మా కొఠారువాళ్ళు తాళ్ళు తీసుకుని వెళ్ళారు. పెద్దయ్యవారు ఆ ఆరు రోజుల గళ్ళలో సున్నాలు చుట్టి పట్టీ మూసేశారు.

జనవరిలో ఒక అమావాస్య మర్నాడు, పన్నెండు గంటల వేళ, ఇన్‌స్పెక్టరు గారు చెప్పకుండా వచ్చారు. బడి ఖాళీగా ఉంది. తలుపులు వేసి పెద్దయ్యవారు తాళం చెవి చేతిలో పట్టుకుని ఉన్నారు. నేను కొఠారు గట్టు మీద నుంచి తెల్ల చొక్కా చూసి పరుగెత్తాను. నేను చేరేసరికి ఆయన కలం తీశారు.

"మధ్యాహ్నం పన్నెండింటికి బడి మూత. ఇంకేం రాయాలి నేను?"

 టీచరమ్మ గోడ చూపించింది. తిథి, పాటు వేళ, హాజరు ముప్పై తొమ్మిది, రానివాళ్ళు అయిదుగురు. ఆయన అది చదివి, "గోడ మీద ఎవరైనా ఎంతైనా రాయవచ్చమ్మా" అన్నారు. ఆ మాట తప్పు కాదు. నేనయినా అదే అనేవాణ్ణి.

"అయ్యా, పిలకాయలు దిబ్బ మీద ఉండారు. మైలు పొడుగున ఎక్కడివాళ్ళక్కడ ఉండారు. ఒకరి మాట ఒకరికి వినపడదు. మీకు ఇష్టమొచ్చినోళ్ళను పిలిచి, ఇయ్యాల బడికి ఎంతమంది వచ్చినారని అడగండి. మేం ముగ్గురం ఈడనే ఉంటాం" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. తర్వాత పంచె ఎగ్గట్టి, చెప్పులు విడిచి బురదలోకి దిగారు. వెంట పోయింది ఆయన ప్యూను ఒక్కడే. మేం గట్టు మీద నిలబడి చూశాం. ఒక పిల్ల దగ్గర ఆగారు. చాలా దూరం నడిచి ఇంకొకడి దగ్గర ఆగారు. అట్లా అయిదుచోట్ల. చివర ఒకటో తరగతి వాడి దగ్గర చాలాసేపు వంగి నిలబడ్డారు.  అంకె ఒక్కటి తప్పినా చాలు, మా మాట బురదలో పోయినట్టే.

ఆయన తిరిగివచ్చి కాళ్ళు కడుక్కున్నారు.

"అయిదుగురూ ముప్పై తొమ్మిదే అన్నారు" అన్నారు. "ఆ చిన్నవాడు రానివాళ్ళ సంగతి కూడా చెప్పాడు. ఒకడికి గవదలు, ఇద్దరు అమ్మమ్మ ఊరికి పోయినారు, ఇంకో ఇద్దరు ఎందుకు రాలేదో తనకు తెలవదట, రేపు అడిగి చెప్తాడట." ఆయన మొహంలో నవ్వు కనబడింది. "వాడు గుల్లలు ఎంచుతూ లాభం, రెండు, మూడు అంటున్నాడు. ఒకటి అనవేమిరా అంటే, బడిలో అయితే ఒకటి సార్, ఈడ లాభం అన్నాడు."

గంపలు కొలిచేటప్పుడు మాలో ఎవరూ ఒకటి అనరు. మొదటిది ఎప్పుడూ లాభమే. నేను రోజూ అట్లాగే ఎంచుతాను.

ఆయన వేళల మార్పుకు అభ్యంతరం లేదని రాశారు. కానీ ముప్పై ముప్పైయే. "సగటు రాకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఏప్రిల్లో లెక్క తేల్చి చూపించండి" అని చెప్పి పడవెక్కారు.

ఏప్రిల్లో ఆ లెక్క నేనే కట్టాను. అంతకుముందు నెలరోజులుగా ఊళ్ళో అందరికీ ముప్పై దాటుతుందని చెబుతూ వస్తున్నాను. మొత్తం హాజర్లు మూడువేల నాలుగువందల నలభై మూడు. రోజులు నూట పదహారు. భాగించాను. ఇరవై తొమ్మిది వచ్చింది, పైన కొంత మిగిలింది. మళ్ళీ భాగించాను. అదే వచ్చింది. కూడికలు అడ్డంగా చూశాను, నిలువుగా చూశాను. ఎక్కడా తప్పు లేదు. మొదట్లో వచ్చిన ఇరవైలు మమ్మల్ని ముంచాయనుకున్నాను. పదో పన్నెండో కాదు, ముప్పై ఏడు హాజర్లు తక్కువ. పెద్దయ్యవారు ఒకప్పుడు చెప్పిన దారి గుర్తొచ్చింది. అబద్ధం చెప్పను, నిజంగా గుర్తొచ్చింది. కాగితం మడిచి అరుగు మీద కూర్చున్నాను.

మా అమ్మాయి వచ్చి కాగితం విప్పి చూసింది. దాని చేతిలో గోడ లెక్కలు ఎత్తి రాసుకున్న పుస్తకం ఉంది. వేలితో వరసలు ఎంచుకుంటూ పోయింది.

"నాయనా, నూట పదహారు ఎట్టొచ్చినాయి? మా గోడ లెక్కలో నూట పదే ఉండాయి."

"తుఫాను దినాలు ఆరు ఉండాయి గదమ్మా. పట్టీలో సున్నాలు చూడలా?"

"ఆ ఆరు దినాలు బడే లేదు గదా. బడి లేని దినాన బడికి రానోళ్ళు ఎవురు నాయనా?"

 మా కొఠారులో వాన పడి ఉప్పంతా కరిగిపోయిన రోజు కూడా రోజే. గంపలు సున్నా అని రాసి, నెల సగటులో ఆ రోజును కలుపుతాం. ఆ అలవాటు నా చేతిలో ఎంతగా దిగబడిపోయిందంటే, బడికీ ఉప్పుకీ తేడా చూడలేదు. నూట పదితో భాగించాను. ముప్పై ఒకటి, పైన కొంత. ఆ లెక్కను మా అమ్మాయి తన పలక మీద ఇంకోసారి వేసి, "ముప్పై మూడు మిగిల్నాయి నాయనా" అంది. అవును, ముప్పై మూడే మిగిలాయి.

నా భార్య లోపలి నుంచి, "ఏంది, తండ్రీ కూతురూ కొట్లాడుకుంటుండారా?" అంది.

"లేదు మే. నాకన్నా ఒక తరగతి ఎక్కువ చదివింది గదా, దిద్దుతాంది."

ఇన్‌స్పెక్టరు గారు వచ్చినప్పుడు పెద్దయ్యవారు లెక్క కాగితం ఇస్తూ, అడగకముందే చెప్పేశారు. "కట్టింది మేస్త్రీ అండీ. తప్పు కట్టినాడు. దిద్దింది ఈ పాప." ఆయన మా అమ్మాయిని పిలిచి తుఫాను రోజుల సంగతి అడిగారు. అది జవాబు చెప్పింది. ఆయన లాగ్‌బుక్కులో రాసింది పెద్దయ్యవారు బిగ్గరగా చదివారు. బడి కొనసాగవచ్చు, తిథుల వేళలు కూడా కొనసాగవచ్చు. తప్పు నాదని పదిమందిలో చెప్పిన రోజున నా అంత గర్వంగా ఇంకెవరూ నిలబడి ఉండరు.

ఆ తర్వాత లెక్కలు ఇట్లా ఉన్నాయి. నెలలో వెళ్ళిపోతుందనుకున్న టీచరమ్మ ఏడేళ్ళు ఉంది. పెద్దయ్యవారు రిటైరయిన ఏడాది బడి పట్టీలో డెబ్బై ఒక్క పేర్లున్నాయి. ఇప్పుడు నలుగురు టీచర్లున్నారు. వేళల కాగితం ఇప్పటికీ ఏటా నేనే వేసిస్తాను.

మా అమ్మాయి అయిదో తరగతి ముగించిన ఏడాది, హైస్కూలుకు ఏరు దాటాల్సి వచ్చింది. నా భార్య ఈసారి వద్దని అనలేదు. కాకపోతే వరసగా అడిగింది. పోటు ఎన్నింటికి, గాలి ఎటు, పడవలో ఎంతమంది. అన్నింటికీ మా అమ్మాయే చెప్పింది. ఏ తిథికి ఏ వేళకు దాటాలో ఏడాదంతా తన పుస్తకంలో రాసి పెట్టుకుంది. పాళెం నుంచి ముసలామె మనమరాలు, ఇంకో ఇద్దరు, మా కొఠారు వీధి నుంచి ఒక పిల్ల దానితో కలిసి బయలుదేరారు.

మొదటి రోజు నేనూ, నా భార్యా ఏటి గట్టు దాకా వెళ్ళాం. పడవవాడు గెడ పట్టుకుని, "ఎంతమంది మేస్త్రీ?" అన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే సంచులు ఎత్తిపట్టుకుని పడవలో కాలు పెడుతున్నారు. ముందు ఎక్కింది మా అమ్మాయి.

నేను నోరు తెరిచేలోగా నా పక్కన, బడి గడప ఎన్నడూ తొక్కని నా భార్య, వేలు చూపిస్తూ ఎంచటం మొదలుపెట్టింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయిదుగురబ్బయ్యా. సాయంత్రం అయిదుగురినీ తెచ్చి దించు."